మువ్వలు వినపడేంత మాత్ర

నెల్లూరు పిల్లల డాక్టరమ్మ గారికి, అల్లూరు దగ్గర రొయ్యల గుంటల కాడ నుంచి షారన్ తల్లి దండాలు పెట్టి రాసేది.

ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొచ్చి మాట ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మా పెద్దోడు మాథ్యూ సంగతి షారన్‌ని మీకు చూపించినప్పుడు చెప్పలేదు. వాడూ షారన్ మాదిరే ఒకచోట కూర్చునేవాడు కాదు. పోయినేడాది నేను రొయ్యలకు మేత చల్లే వేళ గుంటలో పడి చనిపోయినాడు. గుంట నీళ్లకు గాలి కొట్టే ఫ్యాన్ల మోతలో నాకేమీ వినపడలేదు. అప్పటినుంచి షారన్ కాళ్లకు మువ్వల పట్టీలు కట్టినాను. ఆ చప్పుడు వింటూనే పని చేసుకుంటాను.

కుదురుగా కూర్చునేదానికి మీరిచ్చిన మాత్రతో బడిలో బాగుంది. "రెండో ఎక్కం మొత్తం చెప్తోందమ్మా" అని టీచరు సంతోషపడింది. మా ఆయన మాత్రం "పసిబిడ్డకి మందేంది మే, ఆడుకోనీ" అంటాడు.

తప్పు నాదే. పొద్దున ఒకటే వేయమన్నారు మీరు. మొన్న రొయ్యలు పట్టే రోజు గట్టంతా లారీలు, జనం. భయపడి మధ్యాహ్నం ఇంకోటి వేసినాను. కాసేపటికి మువ్వలు ఆగిపోయినాయి. నేను ఇంట్లో చూడలేదమ్మా, నేరుగా పోయి గుంటలో దూకినాను. బిడ్డ మంచం మీదే కూర్చోనుంది. పిలిస్తే తల తిప్పలేదు.

రెండు రోజులుగా మాత్ర ఆపినాను. వేస్తే భయం, వేయకుంటే భయం. బిడ్డ నీళ్ల వైపు పోకూడదు, మువ్వలు నాకు వినపడాలి. అందుకు ఎంత వేయాలో రాయండి.

అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోవద్దు. నా కొంగు దాని నడుముకు కట్టి రాస్తున్నాను, లాగతా ఉంది.