తొమ్మిదో గదిలో నేను చెప్పిన మాట

విజయనగరం,
బుధవారం.

అమ్మకు,

నీ రేఖ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఒంటికి నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. నువ్వూ, నాన్నా, తమ్ముడు దేవేంద్రా బాగున్నారని తలుస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమమని కూడా రాసేసి కిందికి వెళ్లిపోవడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట దగ్గరే కలం ఆగిపోయింది.

నీ ఉత్తరం సోమవారం అందింది. దూది దువ్వుకునే వాలుగ చేప దవడ విరిగిపోయిందని రాశావు. కొత్తది దొరికిందా? విరిగినదానితో దువ్వి వేళ్లు కోసుకోకు. నాన్న మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు మోకాలికి పట్టీ ఉందో లేదో చూడు. అడిగితే ఉందనే అంటాడు.

ఫోనులో రెండు ముక్కలు పెడితే అమ్మకి చూపిస్తాను కదా అంటాడు తమ్ముడు. నువ్వు చూసేలోపు ఆ ఫోను ఇద్దరి చేతులు మారుతుంది. ఇది ముందు నువ్వే చదవాలి. జ్వరం వచ్చి నీ చెవులు పోయినప్పటినుంచీ నీకు చెప్పాల్సినవన్నీ కాగితం మీదే చెప్పాను. ఇదీ అలాగే చెబుతాను. వాకిట్లో కాకుండా లోపల కూర్చుని చదువు.

మెస్సులో ఎవరి పక్కన కూర్చుంటున్నావని అడిగావు. దుర్గాభవానికి నువ్వుండలు నచ్చాయా అనీ అడిగావు. రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది.

దుర్గాభవాని నా గదిలో పిల్లని నీకు తెలుసు. వాళ్లది శృంగవరపుకోట దగ్గర పల్లె. నాన్న నరసింగరావుగారు వరీ చోడీ పండిస్తారు. కాలేజీలో చేరిన మొదటి వారం నేను క్లాసులో లేచి "సార్, అదేటి?" అని అడిగితే అందరూ గొల్లుమన్నారు. రెండు నెలలపాటు నా పేరే 'ఏటి' అయిపోయింది. నీకు రాయలేదు. ఆ రోజుల్లో దుర్గాభవాని ఒక్కర్తే నాతో కూర్చుని తినేది. "నవ్వితే నవ్వనీయే. ఆళ్ల నోరు నొప్పెడతాది గాని మనకేటి?" అనేది.

మా హాస్టలు మేడ మీద తొమ్మిదో నంబరు గది ఉంది. అందులో మూడో సంవత్సరం అమ్మాయి శైలజ, ఆమె జట్టు ఉంటారు. ఏటా కొత్తగా వచ్చిన వాళ్లలో ముగ్గురిని ఏరి తమలో కలుపుకుంటారు. కలిస్తే వాళ్ల నోట్సులు నీవి, మెస్సులో కిటికీ పక్క బల్ల నీది, కాలేజీ పండగల్లో స్టేజీ నీది. పాసై ఉద్యోగాలకి వెళ్లిన పాత అక్కలు కూడా వాళ్ల మాట వింటారట. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ల మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

దసరా సెలవుల తర్వాత శైలజ నన్ను పిలిచింది. అమ్మా, నా కాళ్లు నేలమీద లేవు. ఆ వారమంతా గదిలో అద్దం ముందు నిలబడి 'ఏమిటి, ఏమిటి' అని అనుకున్నాను. దుర్గాభవాని మంచం మీంచి చూసి, "నీకేటైనాదే?" అంది. ఆమెకి చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం తొమ్మిదో గదికి వెళ్లాను. కర్టెన్లు వేసి ఉన్నాయి. కింద దుప్పటి పరిచి ఆరుగురు కూర్చున్నారు. మధ్యలో నల్ల అట్ట పుస్తకం. నాకంటే ముందు వెళ్లిన అమ్మాయి ఏడుస్తూ బయటికొచ్చింది, కానీ ఆమెకి లోపల చప్పట్లు కొట్టారు.

"ఒక్క మాట చెబితే చాలు రేఖా," అంది శైలజ. "నీకు మాత్రమే తెలిసిన సంగతి. నీది కాదు, వేరే వాళ్లది."

"ఎందుకక్కా?"

"నమ్మకం కోసం. మాకోసం నువ్వేం వదులుకోగలవో తెలియాలి కదా. నేనూ ఫస్టియర్‌లో చెప్పాను, ఇక్కడ అందరూ చెప్పారు. ఈ గది దాటి పోదు."

నేను చెప్పాను. ఏం చెప్పానో కాస్త ఆగి రాస్తాను, తొందరపెట్టకు. చెప్పినదాన్ని నా చేతే ఆ నల్ల అట్ట పుస్తకంలో రాయించి, చప్పట్లు కొట్టారు. మర్నాడు కిటికీ పక్క బల్ల దగ్గర నాకు చోటిచ్చారు. దుర్గాభవాని కంచం పట్టుకుని ఒకసారి నావైపు చూసి, వెళ్లి గోడవారగా కూర్చుంది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు, పోయిన శుక్రవారం, మధ్యాహ్నం భోజనాల వేళ. దుర్గాభవాని కంచం బల్లమీద పెట్టి మంచినీళ్లకి వెళ్లింది. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి వెళ్లి ఆ కంచం పక్కన తాళంచేతుల గుత్తి పెట్టి వచ్చింది. దుర్గాభవాని తిరిగొచ్చి గుత్తిని చూసింది. ముందు ఎవరో మరిచిపోయారనుకుంది. "ఇవెవరివి?" అని అడిగింది.

"నీకే. అవసరం పడుతుందని," అన్నారెవరో. రెండు బల్లలు నవ్వాయి.

తాళాలు ఎవరి చేతిలో పెడతారో నీకు తెలుసు కదమ్మా. దుర్గాభవాని ఎవరినీ తిట్టలేదు. తిన్నగా నావైపు చూసింది. ఆ కాలేజీ మొత్తంలో ఆమె జబ్బు సంగతి తెలిసినది నాకొక్కదానికే. వినాయక చవితి తర్వాత ఒక మధ్యాహ్నం మేడమీద బట్టలు ఆరేస్తుంటే ఆమెకి ఫిట్స్ వచ్చింది. తేరుకున్నాక నా చేతులు పట్టుకుంది. "హాస్టల్ కాయితంలో రాయనేదే. రాస్తే సీటివ్వరని బయపడ్డాను. నీకు తప్ప ఎవులికీ తెలీదు," అంది. మళ్లీ వస్తే ఏం చెయ్యాలో చెప్పింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలవీ చేతిలో కుక్కకూడదు, ఎంతసేపు ఉందో గడియారం చూడాలి. ఎవరికీ చెప్పనని నేను నీమీద ఒట్టు వేశాను.

తొమ్మిదో గదిలో నేను చెప్పిన మాట అదే.

ఇంకొకటి కూడా ఉంది. ఇది రాయకపోతే తక్కినదంతా రాసినా రాయనట్టే. ఆ తాళాలు చూసి రెండు బల్లలు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. పెద్దగా కాదు. పక్కవాళ్లు నావైపు చూస్తున్నారని నవ్వాను. ఆమె చూసింది.

క్లాసులయ్యాక గదికి వచ్చేసరికి దుర్గాభవాని లేదు. బట్టల సంచీ లేదు. నువ్విచ్చిన నువ్వుండల డబ్బా నా మంచంమీద పెట్టి ఉంది, సగానికి తిన్నది. బల్లమీద ఆమె మాత్రల డబ్బా ఉండిపోయింది. పొద్దుటి మాత్ర అలాగే ఉంది. మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు కూడా. ఫోను చేస్తే స్విచాఫ్.

శైలజ దగ్గరికి పరిగెత్తాను. "అక్కా, ఆమెకి దారిలో ఏమైనా అయితే?" అన్నాను.

"మేం పొమ్మన్నామా? గొడవ చెయ్యకు. పుస్తకంలో నీ పేరుతో నీ రాతే ఉంది," అంది, తల దువ్వుకుంటూనే.

మాత్రల డబ్బా చున్నీలో చుట్టుకుని బస్సుల కాంప్లెక్సుకి ఆటో ఎక్కాను. వాళ్ల ఊరికి కొత్తవలసలో కిరండూల్ వైపు వెళ్లే రైలుకి మారాలని ఎప్పుడో చెప్పింది. ఆ ఒక్క ఆధారంతో కొత్తవలస బస్సెక్కాను. వర్షం పడుతోంది. దారిలో రెండుచోట్ల గేటు పడింది. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ, "ఏటమ్మా అలాగ ఒణికిపోతన్నావు, జొరమా?" అని అడిగాడు. ఆ బస్సులో నేను మొక్కని దేవుడు లేడు.

స్టేషనులో వంతెన దిగుతుంటేనే కనబడింది, రెండో ప్లాట్‌ఫారం చివర గుంపు. నేను వెళ్లేసరికి దుర్గాభవాని పట్టాలవైపు తల పెట్టి పడి కొట్టుకుంటోంది. ఇంకో రెండు జానల దూరం దొర్లితే కింద పడేది. ఒకాయన ఆమె పిడికిలి విప్పి తాళంచేతులు కుక్కుతున్నాడు. ఇంకొకాయన నోట్లో చెంచా పెట్టబోతున్నాడు. గడ్డం చితికి రక్తం కారుతోంది.

"వదలండి! ఏటీ ఎట్టకండి నోట్లో!" అని అరిచాను. ఆ అరుపు నా గొంతేనని నాకు తర్వాత తెలిసింది. వాళ్లు కదలలేదు. సీతాఫలాలు అమ్మే ఒక ముసలమ్మ తట్ట దించి వచ్చి, "ఆ గుంటకి తెలుసునట్టున్నాదిరా, జరగండెహే!" అని నన్ను చూపిస్తూ జనాన్ని తోసేసింది. ఇద్దరం కలిసి దుర్గాభవానిని లోపలికి లాగాం. పక్కకి తిప్పి, తల నా ఒళ్లో పెట్టుకుని గడియారం చూశాను. దూరంగా బండి కూత వినబడింది. రెండు నిమిషాలు దాటాక ఒళ్లు మెత్తబడింది. ఆ రెండు నిమిషాల్లో నా పద్దెనిమిదేళ్ల వయసూ అక్కడే అయిపోయినట్టనిపించింది.

కళ్లు తెరిచి చాలాసేపు నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక లేచి కూర్చోడానికి చూసింది.

"నువ్వే కదా సెప్పినావు," అంది.

"నానే."

అబద్ధం ఆడాలని కూడా అనిపించలేదమ్మా.

"ఏటిచ్చారే నీకు?"

"ఆళ్ల బల్ల దగ్గిర కూకోనిచ్చారు," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

సీతాఫలాల ముసలమ్మ మమ్మల్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. గడ్డానికి నాలుగు కుట్లు వేశారు. వాళ్ల నాన్న బండిమీద తడిసి ముద్దయి వచ్చారు. జరిగింది డాక్టరు చెబితే విని, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకున్నారు. "నువ్వు నేకపోతే నా పిల్ల నాకు దక్కేది కాదు తల్లీ," అన్నారు. నేను దుర్గాభవానివైపు చూశాను. ఆమె గోడవైపు తిరిగిపోయింది. నేను నోరు విప్పలేదు. ఆయన దండాన్ని అలాగే పుచ్చుకుని విజయనగరం వచ్చేశాను.

శనివారం పొద్దున్నే వార్డెన్ రాజ్యలక్ష్మి మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ తొమ్మిదో గదికి వెళ్లి ఆ పుస్తకం తీసుకుంది. అందులో ఆరేళ్ల నుంచి వచ్చిన అమ్మాయిల సంగతులున్నాయట. శైలజని, తాళాలు పెట్టినామెని ఇంటికి పంపేశారు. ఈ సెమిస్టరు అయ్యేదాకా నన్నూ హాస్టల్లో ఉండొద్దన్నారు. క్లాసులకి మాత్రం రానిస్తారు. వచ్చే సోమవారం నుంచి మన పొందూరులో ఉండి రైల్లో తిరుగుతాను. ఇప్పుడు మెస్సులో తొమ్మిదో గది వాళ్లూ, తక్కిన వాళ్లూ కూడా నాతో మాట్లాడరు. నా గురించి బాధపడకు, అది నాకు తగినదే.

ఆదివారం దుర్గాభవాని దగ్గరనుంచి మెసేజి వచ్చింది. "నాయన సదువు మానిపించేస్తాడట. జబ్బుపిల్లని ఒంటరిగా ఒగ్గనంటన్నాడు. మా నాయనకి నువ్వే వొచ్చి సెప్పు. నాను జబ్బు వల్ల పడలేదు, మనుషుల వల్ల పడ్డానని సెప్పు." అంతే.

నిన్న వాళ్ల ఊరెళ్లాను. నరసింగరావుగారు నన్ను చూసి మంచం వాల్చారు, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. ఒట్టు, గది, చప్పట్లు, తాళాలు, నా నవ్వు. దుర్గాభవాని గుమ్మంలో నిలబడి వింది. వాళ్లమ్మ తెచ్చిన కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఆయన తువ్వాలు మెలిపెడుతూ కూర్చున్నారు. కొడతారనుకున్నాను.

"వార్డెనమ్మ తన పక్క గది ఇస్తానంది, మందుల సంగతి తనే చూస్తానంది," అన్నాను. "దీని సదువు మాత్రం ఆపకండి బాబుగారూ."

ఆయన తలెత్తి అడిగిన మాట ఒకటే. "ఇదంతా మీయమ్మకి తెలుసునా?"

"తెలీదు," అన్నాను.

"సొంత తల్లికి సెప్పనిదానివి, నీ మాట నమ్మి నా పిల్లనెలాగ పంపుతాను? ముందెళ్లి ఆయమ్మకి సెప్పు. అన్నీ తెలిసినాక కూడా నీ పక్కన నిలబడి, మా వోళ్లు తప్పు సేసినారని నాతో అనే మనిషి నీకుంటే, అప్పుడు రా. మాటాడదాం."

దుర్గాభవాని వీధి మలుపుదాకా వచ్చింది. "నిన్ను ఒగ్గీసినానని అనుకోకు. నాకింకా నీ మొకం సూస్తే ఒళ్లు మండుతాది," అంది. "అయినా శనోరం లోపల రా. హాజరు నేకపోతే పరీచ్చకి కూకోనివ్వరు."

అందుకే అమ్మా ఈ ఉత్తరం. రేపు మధ్యాహ్నానికి అందేలా మన ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. శుక్రవారం పొద్దున్న విజయనగరం స్టేషనులో ఉంటాను. నువ్వు మొదటి రైలుకి వస్తే ఇద్దరం కలిసి శృంగవరపుకోట వెళ్దాం. వాళ్లేమన్నా నేను కాగితం మీద రాసి నీకు చూపిస్తాను, ఒక్క మాట కూడా తగ్గించను. నీ మీద వేసిన ఒట్టు తప్పినదానితో నువ్వు రాలేకపోతే అది నీ తప్పు కాదు. తొమ్మిది గంటల బస్సుదాకా చూసి ఒక్కదాన్నే వెళ్తాను. ఆయన వాకిట్లోంచి పంపేసేదాకా నిలబడతాను.

నాన్నకి నువ్వే చెప్పు. నాకు ఆ ధైర్యం ఇంకా రాలేదు.

ఇట్లు,
దాచకుండా రాయడం ఇప్పుడే నేర్చుకుంటున్న నీ కూతురు,
రేఖ