చదవని తీర్మానం

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా,
8 డిసెంబరు 1985

చిరంజీవి రూతుకు అమ్మ దీవించి వ్రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేను కులాసా. మోకాళ్ల సంగతి అడిగావు. అవి నా మాట వినవు, నేను వాటి మాట వినను. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

డెన్మార్క్‌లో నువ్వు మీ ఊరి మునిసిపల్ కౌన్సిల్‌కు ఎన్నికైన సంగతి ఆదివారం తెలుగు ప్రార్థన కూడికలో చెప్పాను.

“ఆంటీ, రూతుకి గవర్నమెంట్ కార్ ఇస్తారా?” అంది లూసీ.

“కాగితాలిస్తారమ్మా. బడులు, వృద్ధుల ఇళ్లు, చివరికి జీతం మీద ఊరి పన్నెంతో కూడా ఆ కౌన్సిలే తేలుస్తుంది.”

“అంత హెడేక్ ఎందుకాంటీ, జాబ్ ఉందిగా?”

పదిహేనేళ్లుగా ఇక్కడ ఉంటూ తన వీధి చెత్త ఎవరు ఎత్తిస్తున్నారో తెలియని మనిషికి ఇంకేం చెప్పను?

నీ ప్రశ్నకు వస్తాను. జనవరి నుంచి కౌన్సిల్ కాగితాలు డేనిష్‌లో కట్టలుగా వస్తాయట. “నీకెందుకు టెన్షన్, నేను చదివి చెప్తాగా, నువ్వు చెయ్యెత్తు చాలు” అన్నాడట నీ భర్త సత్యానందం. పార్టీవాళ్లు నిన్ను అభ్యర్థుల జాబితా అడుగున అలంకారానికి పెడితే, జనం నీ పేరు వెతికి మరీ గుర్తు వేశారు. వాళ్లు ఓటేసింది నీ మొగుడి కళ్లజోడుకా?

“నువ్వైతే ఏం చేసేదానివమ్మా?” అన్నావు. చేసిందే చెబుతాను. మన ఊరి పంచాయతీలో నేను సభ్యురాలినని, ఆడపిల్లల బడిని ఊరవతలికి మార్చినందుకు రాజీనామా చేశానని నీకు చిన్నప్పటినుంచి చెప్పాను. సభ్యత్వం నిజం, రాజీనామా అబద్ధం. మూడేళ్లలో ఒక్క సమావేశానికీ వెళ్లలేదు. మీ నాన్నగారే నా బదులు వెళ్లి మినిట్స్ పుస్తకం ఇంటికి తెచ్చేవారు. బి.ఏ. చదివిన నేను కాఫీ తాగుతూ, ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసేదాన్ని. బడి తీర్మానం మీదా అలాగే చేశాను. పాత బడి భవనంలోకి ఎరువుల బస్తాలు దిగిన రోజు గానీ అందులో ఏముందో నాకు తెలియలేదు.

“అంతదూరం మా పిల్లను పంపలేనమ్మా, మానిపించేశాను. మీరూ సంతకం పెట్టారంటగా?” అంది పాలు పోసే ఆవిడ. గిన్నె లోపల పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

లూసీది తెలియనితనం. నాది చదువుకున్నదాని సోమరితనం. అంతకన్న నీచమైనది నేను చూడలేదు.

ఈ ఉత్తరం సత్యానందానికి చూపించు. ఆ కాగితాలు నువ్వే చదువు, నెల పట్టినా సరే. అర్థం కానిది సభలోనే లేచి అడుగు, నవ్వేవాళ్లు నవ్వుతారు. అది చేతకాకపోతే ఇప్పుడే తప్పుకో. నా రాజీనామా కథను నీ పిల్లలకు కూడా చెప్పానన్నావు. అది తప్పని వాళ్లకు నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ అమ్మ