డెస్క్‌టాప్ సంగతి జయంతికి చెప్పకండి

ఆదివారం, జూన్ 8

శుభారంభం! ఈ రోజు నుంచి నేను పద్ధతైన మనిషిని.

నిన్న మా ఇంటి డెస్క్‌టాప్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. "అప్‌గ్రేడ్ చేయండి, అప్‌గ్రేడ్ చేయండి" అని అది నెలరోజులుగా బతిమాలుతోంది. పోనీలే పాపం అనుకున్నాను. అప్పటినుంచి ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు, స్క్రీన్ మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టే నిలబడిపోతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని చంపి, మళ్ళీ బతికించాలి.

మామూలుగా అయితే ఇదొక సమస్యే కాదు. జయంతికి ఫోన్ చేస్తే సరి. మేం ఈ ఊరు మోరిస్‌విల్ వచ్చిన కొత్తలో పరిచయమైంది, పక్క వీధిలోనే ఉంటుంది. ఆఫీసుల్లో కంప్యూటర్లు మొరాయిస్తే దారికి తేవడమే తన ఉద్యోగం. మా ప్రింటరు, రౌటరు, చివరికి గరాజ్ తలుపు కూడా తన మాటే వింటాయి.

కానీ ఈసారి అడగకూడదు! వచ్చే ఆదివారం జయంతి వాళ్ళు షామ్‌బర్గ్‌కి మారిపోతున్నారు, విమానమెక్కి పోవాల్సినంత దూరం, మంచు పడే ఊరు. శనివారం మా ఇంట్లో వీడ్కోలు పాట్‌లక్, తలా ఒక వంటకం తెస్తారు. తనకి తెలియకుండా ఒక వీడియో చేసి అక్కడ వేయాలని స్నేహితులందరం అనుకున్నాం. నేను చేస్తానని ముందే చెయ్యెత్తాను. ఇన్నేళ్ళ ఫొటోలు, క్లిప్పులు అన్నీ ఈ డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆఫీసు లాప్‌టాప్‌లలో సొంత పనులు చేయనివ్వరు.

కాబట్టి తీర్మానం:

ఒకటి, రోజుకి ఒక్క మార్పే. చేసి, రోజంతా చూసి, రాసి, ఆ తర్వాతే ఇంకొకటి.

రెండు, జయంతికి తెలియకూడదు.

ఆఫీసులో నేను టెస్టింగ్ లీడ్‌ని. "ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?" అని కుర్రాళ్ళని పొద్దస్తమానం సాధించేది నేనే. ఇంట్లో ఆ మాత్రం చేయలేనా!

నేటి మార్పు: ప్లగ్ పీకి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టడం.

ఫలితం: దివ్యంగా ఉంది!!

తర్వాత: అన్నం తిని వచ్చేసరికి బిగుసుకుని ఉంది. పర్లేదు. ఇదీ ఒక సమాచారమే.

సోమవారం, జూన్ 9

నేటి మార్పు: తెర మీద బొమ్మలు నడిపే డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. అదొక్కటే. ఎంత నిగ్రహం!

ఉదయమంతా బాగుంది. మా అమ్మాయి మేధ పుట్టినప్పుడు జయంతి హాస్పిటల్‌కి కారప్పొడి డబ్బా పట్టుకొచ్చిన ఫొటో దొరికింది. నర్సు ఆ డబ్బాని అనుమానంగా చూస్తోంది. దాన్ని వీడియోలో పెడుతుండగానే బిగుసుకుంది. నర్సు అలాగే చూస్తూ ఉండిపోయింది.

మా ఆయన బ్రహ్మయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. (తాతగారి పేరు పెట్టారు. ఆఫీసులో బ్రహ్మ్ అంటారు.)

"మెమరీ లూజ్ అయ్యుంటుంది. ఓపెన్ చేసి చూద్దాం."

"ముట్టుకోకండి! ఈ రోజు కోటా అయిపోయింది."

"సుధా, ఇది హోమియోపతీ కాదు. రోజుకి ఒక మాత్ర వేయడానికి."

మగవాళ్ళకి ఓపిక ఉండదు.

మంగళవారం, జూన్ 10

నేటి మార్పు: కరెంటు ఆదా చేసే సెట్టింగులన్నీ ఆపేశాను.

పనిలో పనిగా యాంటీవైరస్ కూడా తీసేశాను. అది మార్పు కాదు, తీసివేత. తీసివేతలు లెక్కలోకి రావు.

వాల్‌పేపర్ కూడా మార్చాను. అది అలంకారం.

మేధ వెనక నిలబడి అంతా చూస్తోంది. పదకొండేళ్ళది, ఒక్క మాట కింద పడనివ్వదు. "అమ్మా, నువ్వు త్రీ థింగ్స్ చేశావ్. రూల్ నీదే కదా?"

"ఒకటిన్నర."

"దట్స్ నాట్ హౌ మ్యాత్ వర్క్స్."

ఫలితం: మూడుసార్లు బిగుసుకుంది. ఒకసారైతే కొత్త వాల్‌పేపర్‌ని నేను మెచ్చుకుంటుండగానే.

బుధవారం, జూన్ 11

వీడియో పావు వంతు కూడా కాలేదు. భయం వేస్తోంది. వచ్చే వారం ఈపాటికి పక్క వీధిలో జయంతి ఉండదు. అంత మనిషికి ఒక వీడియో చేసి ఇవ్వలేకపోతే నేనెందుకు?

తీర్మానంలో ఉన్నది "జయంతికి తెలియకూడదు" అని. "జయంతిని అడగకూడదు" అని లేదు. సాయంత్రం ఫోన్ చేశాను.

"జయంతీ, మా పెద్దమ్మ కొడుకు ఒకడున్నాడులే. వాడి డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్ చేసిన దగ్గర్నుంచీ ఫ్రీజ్ అవుతోందిట."

"అవునా? ఎక్కడుంటాడు?"

వారం రోజులుగా నా బుర్రలో తిరుగుతున్న ఊరు ఒక్కటే. "షామ్‌బర్గ్" అనేశాను.

"ఓ మై గాడ్! ఎప్పుడూ చెప్పలేదేంటే! ఇంకేం, నెక్స్ట్ వీక్ నేనే వెళ్ళి చూస్తా. నంబర్ పంపు. అక్కడ నాకు ఒక్కళ్ళు కూడా తెలీదు సుధా. కనీసం మీ వాళ్ళు ఒకరు ఉన్నారంటే నాకూ ధైర్యంగా ఉంటుంది."

ప్రాణం చివుక్కుమంది. ఊరు కాని ఊరు పోతున్న మనిషికి అసలు లేనేలేని మనిషిని తోడిచ్చాను.

"పేరేంటి?"

"నరసింహ." ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేరు.

"సరే, వీడియోలు గట్రా ఎడిట్ చేస్తాడా? అయితే ఆ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆఫ్ చేయమను. అదొక్కటే చేసి చూడమను. మీవాడు కదా, అన్నీ కలిపి కెలికేస్తాడు."

వీడియోలని నేను అనలేదు. ఊరికే అడిగి ఉంటుంది.

ఆఫ్ చేశాను. కొంచెం నయం. గంటకోసారి బిగుసుకునేది రెండు గంటలకోసారి బిగుసుకుంటోంది.

గురువారం, జూన్ 12

కొంప మునిగింది. నరసింహతో నేరుగా మాట్లాడతానంటోంది జయంతి.

బ్రహ్మయ్యని బతిమాలి కూర్చోబెట్టాను. ముక్కు పట్టుకుని మాట్లాడాడు.

"నమస్కారం అండీ, నేను నరసింహ. షామ్‌బర్గ్ నుంచి."

స్పీకర్‌లో జయంతి గొంతు ఎంతో మర్యాదగా వచ్చింది. "నమస్తే నరసింహ గారూ. అక్కడ వెదర్ ఎలా ఉందండీ?"

"స్నో పడుతోందండీ."

మేధ నోట్లో దుప్పటి కుక్కుకుంది.

"జూన్‌లోనా అండీ?"

"కొంచెమేనండీ. మా వీధి వరకే."

జయంతి వెంటనే అసలు సంగతికి వచ్చేసింది. బయాస్ అప్‌డేట్, డిస్క్ చెక్, పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళడం, రెండో మానిటర్ పీకడం అని నాలుగు చెప్పింది. "ఒక్కొక్కటిగా చేయండి నరసింహ గారూ, ప్లీజ్" అని మరీ మరీ చెప్పింది.

నాలుగూ ఒకేసారి చేశాను. ఆపద సమయంలో తీర్మానాలు చెల్లవు. ఉపవాసం కూడా జ్వరం వస్తే మానేయొచ్చంటారు.

శుక్రవారం, జూన్ 13

ఈ రోజు చేసినవి: మూత విప్పాం. మెమరీ పీకి తుడిచి పెట్టాం. ఫ్యాన్ దుమ్ము దులిపాం. కేబుళ్ళు మార్చాం. గోడకున్న ప్లగ్ మార్చాం. గది మార్చాం. బ్రహ్మయ్య నిమ్మకాయతో దిష్టి తీశాడు. అది హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా అని మేధ అడిగింది.

ఆఫీసులో నా టీమ్‌లో ఎవరైనా ఇలా చేసి ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి పంపేదాన్ని.

సాయంత్రం: వీడియో అయిపోయింది!!! మొదటి నుంచి చివరి దాకా ఆడింది! ముగ్గురం గంతులేశాం. ఏ మార్పు పనిచేసిందో తెలియదు. తెలియనక్కరలేదు.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడదామని బ్రహ్మయ్య అన్నాడు. కష్టపడి బాగైన కంప్యూటర్‌ని అవమానించడం దేనికన్నాను. డెస్క్‌టాప్‌నే టీవీకి తగిలిద్దాం.

ఆదివారం, జూన్ 15

నిన్న రాయడానికి తీరిక లేదు. మనసు కూడా లేదు.

పులిహోర, బగారా బైంగన్, ఎవరో కొనుక్కొచ్చిన సమోసాలు అయ్యాక దీపాలు ఆర్పి వీడియో పెట్టాను. కారప్పొడి డబ్బాకి అందరూ నవ్వారు. తర్వాత మంచు రోజుల ఫొటోలు. ఆ తర్వాత మా గరాజ్ ముందు నిచ్చెన మీద జయంతి. నోట్లో స్క్రూడ్రైవర్, ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను తిడుతోంది.

అక్కడ బిగుసుకుపోయింది.

నాకు భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. జయంతి అలవాటుగా లేచింది. "కూర్చోవే! ఈ ఒక్క రోజైనా కూర్చో!" అని అరిచాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

పవర్ బటన్ మీద వేలు పెట్టాను. ఇంతలో మా స్నేహితురాలు అనుష్క అంది, "ఆగు, తీయకు. ఆ రోజే కదా, తలుపు బాగుచేసి నేరుగా మా ఇంటికొచ్చింది? మా ఆయన జాబ్ పోయిన రోజు. ఏమీ మాట్లాడకుండా వంట చేసి పెట్టి వెళ్ళిపోయింది."

నాకు ఆ సంగతి తెలియదు. తర్వాత ఇంకొకరు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇంకొకరు. టీవీలో జయంతి నిచ్చెన మీద తిడుతూనే ఉంది, సోఫాలో జయంతి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మిగతా వీడియో చూద్దామని ఒక్కరూ అడగలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ జయంతి బ్రహ్మయ్యతో అంది. "వస్తానండీ నరసింహ గారూ. ఎయిర్‌పోర్ట్‌లో స్నో బూట్లు కొనుక్కుంటాలెండి."

"నీకు తెలుసా?" అన్నాను.

"సుధా, ఆ మెషీన్ తయారు చేసి ఇచ్చింది నేను. దాని రోగం నాకు తెలీదా?"

ఈ ఉదయం వెళ్ళిపోయారు. ఆ వీధి మీదుగా పోకుండా చుట్టు తిరిగి కూరగాయలకి వెళ్ళాను.

బుధవారం, జూన్ 18

డెస్క్‌టాప్ ఇంకా బాగు చేయలేదు. మూడు రోజులు దాని మొహం చూడలేదు.

సాయంత్రం జయంతి ఫోన్ చేసింది. పెట్టెలు సగం విప్పిందిట. పక్కింటివాళ్ళు చెయ్యూపారుట కానీ పేర్లు తెలియవుట. గొంతులో హుషారు తెచ్చిపెట్టుకున్నదని తెలిసిపోతోంది.

"సరే, ఆ డెస్క్‌టాప్ ఆన్ చెయ్. రిమోట్‌లో నేనే చూస్తా. టెన్ మినిట్స్‌లో ఫిక్స్ చేసేస్తా."

ఆన్ చేయబోయి ఆగాను. పది నిమిషాల్లో బాగైపోతే రేపు ఏమని ఫోన్ చేసుకుంటాం?

"వద్దు" అన్నాను. "పద్ధతి ప్రకారం పోదాం. రోజుకి ఒక్క మార్పే. చేసి, రోజంతా చూసి, సాయంత్రం నీకు ఫోన్ చేసి చెప్తా."



"అలా అయితే చాలా రోజులు పడుతుందే" అంది.

"పట్టనీ."

"ఒకే రోజు రెండు చేశావంటే మాత్రం ఊరుకోను."

తీర్మానం మళ్ళీ మొదలు! ఈసారి తప్పేది లేదు.

నేటి మార్పు: స్పీకర్ల ప్లగ్ తీశాను. బిగుసుకుపోవడానికీ స్పీకర్లకీ ఏ సంబంధమూ లేదని నాకూ తెలుసు, జయంతికీ తెలుసు. ఫలితం రేపు సాయంత్రం చెప్పాలి.