పాతిక మిల్లీమీటర్ల గడ్డి

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, నాలుగేళ్ళుగా నన్ను విడిచిపెట్టని నడుం నొప్పీ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు వేళకు తింటూ, వేళకు నిద్రపోతూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం చేరి పదకొండు రోజులైంది. ఆలస్యానికి కోప్పడకు. నువ్వు అడిగిన మూడు సంగతుల్లో రెండింటికి ఆ రోజే జవాబు రాసేవాణ్ణి. నువ్వు స్వయంగా అద్దాలు అరగదీసి పంపిన కళ్ళజోడు మీ అమ్మకు అచ్చంగా సరిపోయింది. అది పెట్టుకున్న దగ్గర్నుంచి ఏ మూల దుమ్మున్నా ఆవిడకు దొరికిపోతోంది, దుమ్ముతో పాటు నేనూ దొరికిపోతున్నాను. ఇక గ్రౌండులో నా మిషన్లు పెట్టుకునే షెడ్డుకి క్లబ్బువాళ్ళు కొత్త రేకులు వేయించారు. ఇప్పుడు కురవడం లేదు.

మూడో ప్రశ్న దగ్గరే చెయ్యి ఆగిపోయింది. అతను నీకు ఉత్తరం రాశాడన్నావు. ఈ సీజనుతో ఆట మానేసి నీ దగ్గరికి వచ్చేస్తానన్నాడనీ, చేసినదానికి సిగ్గుపడుతున్నాడనీ రాశావు. "నువ్వు రోజూ చూస్తున్నావు కదా నాన్నా, అతను నిజంగా మారాడా? నీ కోపం పక్కన పెట్టి నిజం రాయి" అన్నావు. అమ్మకు తెలియనివ్వొద్దన్నావు కాబట్టి ఫోను చెయ్యలేదు. నేను ఫోన్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుందని నీకు తెలిసిందే. కోపం పక్కన పెట్టడం మాత్రం నాకు అంత సులువు కాదమ్మా. పన్నెండేళ్ళుగా కంచం దగ్గర కూడా నాతోనే కూర్చుంటోంది. అయినా నిజమే రాస్తాను, నా తప్పుతో సహా.

అతణ్ణి అల్లుడు అనడానికి నోరు రాదు. పేరు పెట్టి పిలవడానికి మనసు రాదు. జనం పిలిచినట్టే మెరుపు అంటాను.

మెరుపు మళ్ళీ మన ఫుట్‌బాల్ క్లబ్బుకే వస్తున్నాడని తెలిసినప్పుడు ఊరంతా ఊగిపోయింది. గేటు మీద మేడంత బొమ్మ కట్టారు. అతని నంబరు చొక్కాలు మూడు రోజుల్లో అయిపోయాయి. ముప్ఫై ఏడేళ్ళవాడు ఏం ఆడతాడని ఒక్కరూ అడగలేదు. మొదటి రోజు ప్రాక్టీసుకి వచ్చి, పది అడుగుల దూరంలో గడ్డి దువ్వే దంతె పట్టుకుని నిలబడ్డ నన్ను వదిలేసి, కోచ్‌కి చెప్పాడు: గ్రౌండు మనిషితో చెప్పండి, గడ్డి పాతిక మిల్లీమీటర్లకు కొయ్యాలి, ఆటకు ముందు బాగా తడపాలి అని. గ్రౌండు మనిషి! మనింట్లో నాలుగేళ్ళు నా పక్క పీట మీద అన్నం తిన్నవాడికి నేను గ్రౌండు మనిషినయ్యాను.

నువ్వు మరచిపోవాలని చూస్తావు గానీ నేను మరచిపోలేదు. పెద్ద క్లబ్బులో అతని ఆట ఒక ఏడాది దిగజారింది. దానికి విలేకరుల ముందు కూర్చుని, ఇంట్లో మనశ్శాంతి లేదు, భార్య పోరు పడలేకపోతున్నాను, అందుకే కాలు ఆడడం లేదు అన్నాడు. మర్నాడు నువ్వు కూరగాయలు కొనడానికి వెళితే మెరుపును ఆర్పేసిన మహాతల్లి అని దుకాణాల మధ్య అరిచారు. నీ మీద ఉమ్మిన మనిషి ముఖం నాకింకా గుర్తుంది. ఆర్నెల్లకు నిన్ను వదిలేశాడు. ఆ తర్వాతి క్లబ్బులో ఆడలేకపోతే కోచ్ మీద పెట్టాడు, దాని తర్వాతిదానిలో చలి మీద పెట్టాడు. అన్నిచోట్లా నిరాశపరిచి, చివరికి మా దగ్గర తేలాడు.

ఇక్కడా అంతే అయింది. మొదటి మ్యాచ్‌లో రెండు మంచి పాసులు, మిగతా అంతా నడక. రెండోదానిలో అది కూడా లేదు. మూడోదానికి స్టాండులో ఎగతాళి ఈలలు మొదలయ్యాయి. మెరుపు పోయి ఉరుమే మిగిలిందని నవ్వుకున్నారు. బొమ్మ చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్ళే సగం ఆటలో లేచి వెళ్ళిపోయారు. నాకు సంతోషం వేసింది తల్లీ, దాచను. నీళ్ళ పైపు చుట్టుకుంటూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అప్పుడు అతను పేపర్లో అన్న మాట నువ్వూ చదివావు. గడ్డి పొడుగ్గా ఉంది, ఎండిపోయి ఉంది, బంతి అతుక్కుపోతోంది, ఇలాంటి గ్రౌండు మీద ఎవరు ఆడగలరు అన్నాడు. నీ ఉత్తరంలో కూడా, పాపం గ్రౌండు సరిగా లేదట కదా అని రాశావు. అది చదివి నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. ఎందుకంటే అతను చెప్పింది నిజం.

చేసింది నేనే. గడ్డిని నలభై మిల్లీమీటర్ల దాకా పెరగనిచ్చాను. ఆటకు ముందు నీళ్ళు పెట్టలేదు. పొట్టి గడ్డి మీద, తడి మీద బంతి తనే జారుకుంటూ పోతుంది, కాళ్ళు ముసలివైనా మెదడుతో ఆడుకోవచ్చు. పొడుగ్గా ఎండిన గడ్డిలో ప్రతి బంతి వెనకా పరిగెత్తాలి. అతను పరిగెత్తలేడని నాకు మొదటి రోజే తెలిసింది. కోచ్ రెండుసార్లు పిలిచి అడిగితే, బ్లేడు అరిగిపోయిందని అబద్ధం చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆ గడ్డి గురించి నేనాడిన మొదటి అబద్ధం అదే. మధ్యలో మా ఫార్వర్డు, ఏ పాపమూ ఎరగనివాడు, నాలుగు మ్యాచ్‌లు గోలు లేకుండా తల వేలాడేసుకుని తిరిగాడు.

మీ అమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుని నాకు అన్నం క్యారియరు తెచ్చిన రోజున, గ్రౌండు గీత దగ్గర నిలబడి ఒక్కసారి అటూ ఇటూ చూసింది. ఆవిడకు సంగతి చెప్పక్కర్లేకపోయింది.

"గడ్డి కోస్తున్నారా, పెంచుతున్నారా? మన పిల్లని ఆడిపోసుకున్నవాడికి మళ్ళీ ఒక సాకు వెతికి చేతిలో పెట్టారు. మీకంటే వాడే నయం, వాడి సాకులు వాడే వెతుక్కునేవాడు."

అంతే అంది. క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నిజమే కదా అమ్మడూ. అతను ఓడిపోవాలని ఇంత చేశాను, తీరా ఊళ్ళో సగం మంది, పాపం మెరుపు ఏం చేస్తాడు, గ్రౌండు అలా ఉంటే అంటున్నారు. పగ తీర్చుకోవడం కూడా చేతకాలేదు నాకు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. పోయిన ఆదివారం అతని ఆఖరి మ్యాచ్, వీడ్కోలు మ్యాచ్. దానికి వారం ముందు నుంచి బ్లేడు సానపట్టి, రోజుకు కొంచెం కొంచెంగా దించుతూ సరిగ్గా పాతిక మిల్లీమీటర్లకు తెచ్చాను. రెండు వైపులా రోలరు తిప్పాను. మోకాళ్ళ మీద పాకుతూ కలుపు మొక్క లేకుండా ఏరాను. ఆటకు అరగంట ముందు తడిపాను, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎవరి కోసమూ చెయ్యలేదు. అతను అడిగిందల్లా ఇచ్చాను. వంక పెట్టడానికి ఒక్క గడ్డిపరక మిగల్చలేదు.

స్టాండు నిండిపోయింది. చివరిసారి కదా, ఒక్క పాసైనా చూద్దామని వచ్చారు జనం. బంతి అద్దం మీద జారినట్టు జారింది. ఫార్వర్డు రెండు గోల్స్ కొట్టాడు. మెరుపు దగ్గరికి వచ్చిన బంతి మాత్రం అతను కాలు ఎత్తేలోపే దాటిపోయింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. ఈలలు కూడా వెయ్యలేదు ఎవరూ. యాభయ్యో నిమిషంలో కోచ్ బయటికి పిలిచినప్పుడు చప్పట్లు చినుకుల్లా పడి ఆగిపోయాయి. నేను గోలుపోస్టు వెనక నిలబడి ప్రతి నిమిషం చూశాను. కళ్ళు ఆర్పలేదు.

ఆట అయ్యాక, జనం వెళ్ళిపోయాక, అతను షెడ్డుకి వచ్చాడు. నా మేకుకి తగిలించిన కొలబద్ద తీసుకున్నాడు. గ్రౌండులోకి వెళ్ళి, మధ్యలో ఒకచోట, నాలుగు మూలలా నాలుగుచోట్ల వంగి కొలిచాడు. అయిదోసారి కూర్చున్నవాడు లేవలేక నేలకు చెయ్యి ఆనించాడు. నేను దగ్గరికి వెళ్ళాను గానీ చెయ్యి ఇవ్వలేదు.

"సరిగ్గానే ఉంది మామయ్యగారూ. నాకు కాళ్ళే లేవు" అన్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత మామయ్యగారన్నాడు. మరి పెద్ద క్లబ్బులో ఆ ఏడాది సంగతేమిటని అడిగాను.

"ఆ ఏడాదే మోకాలు పోయింది. మీ అమ్మాయికి తెలుసు, డాక్టరుకి తెలుసు. బయట తెలిస్తే క్లబ్బు తీసేస్తుందని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

అమ్మడూ, నువ్వు నాకు కూడా చెప్పలేదు. ఉమ్మించుకున్నావు గానీ అతని మోకాలి సంగతి చెప్పలేదు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, నీ మీద కోపమూ వచ్చింది. కానీ ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ నిమిషంలో నా మనసు కరిగింది. నిజం చెప్పాడు, ఒంటరిగా నాకైనా చెప్పాడు, ఇంటికి వెళ్ళి మారాడనే రాద్దామనుకున్నాను. అతణ్ణి చెయ్యి పట్టి లేపాను కూడా.

తర్వాత అతను బయటికి వెళ్ళే దారిలో విలేకరులు ఆపారు. నేను పక్కనే పైపు చుడుతున్నాను. ఇవాళ గ్రౌండు బాగుంది కదా, మరి ఏమైందని ఒకాయన అడిగాడు. అతని చొక్కా మీద నా గ్రౌండు తడి ఇంకా ఆరలేదు.

"బాగుండడమే చిక్కొచ్చింది. సీజనంతా పొడుగు గడ్డికి అలవాటు చేశారు. ఇవాళ ఉన్నట్టుండి ఇంత వేగం చేస్తే ఎవరికైనా కష్టమే" అన్నాడు.

నీ ప్రశ్నకు జవాబు నేను వేరే రాయనక్కర్లేదు.

నువ్వు పెద్దదానివి, నీ జీవితం నీది, రానివ్వమన్నా వద్దన్నా నేను అడ్డుపడను. క్లబ్బుతో ఒప్పందం ఉంది కాబట్టి అతను నెలాఖరు వరకూ ఇక్కడే ఉంటాడు, మ్యాచ్‌లు లేకపోయినా రోజూ ఉదయం ప్రాక్టీసుకి వస్తాడు. రమ్మనేటట్టయితే నీ ఇష్టం, నేరుగా అతనికే రాసుకో. వద్దనేటట్టయితే మాత్రం ఆ ఉత్తరం నాకు పంపు తల్లీ. అందరూ చూస్తుండగా, గ్రౌండు మధ్యలో నిలబెట్టి, నా చేత్తో నేనే ఇస్తాను.

ఇట్లు,
నీ పక్షాన నిలబడ్డ
మీ నాన్న