గోపన్న కాపలా

చింతపల్లి,
నవంబరు 1968.

చిరంజీవి సర్వేశ్వరరావును మామ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన మాస్టిఫ్ కుక్క జీపులో దిగింది. దాని పక్కన కూర్చోవలసినవాళ్లు టాపెక్కి వచ్చారు. టైగర్ అని పేరు పెట్టావు. ఈ కొండల్లో ఆ జంతువు పేరెత్తి ఎవరూ పిలవరు. గోపన్న అని మార్చి, పశువుల లెక్కలో ఆవుల తర్వాత రాసుకున్నాను. మిరియాలు దొంగలెత్తుకెళ్లాక, కాపలా లేకపోతే తోట అమ్మేసి విశాఖ వచ్చెయ్యమన్నావు. కాపలా వచ్చింది. ఇక ఆ మాట ఎత్తకు.

ఇట్లు,
రాజులమ్మ.

తా.క.: అది మొరగదు. తోటపని చేసే గాసి చూసి, “ఇది కుక్కేటమ్మా? దూడకి గొలుసేసి పంపినారు” అన్నాడు.

విశాఖపట్నం,
డిసెంబరు 1968.

మామ్మకు నమస్కారాలు.

ఆ జాతి మొరగదు, బరువుతో పని చేస్తుంది. యజమాని అలవాట్లు చూసి నేర్చుకుంటుంది. కొత్తవాళ్లను గేటు దగ్గరే ఆపాలి. ఆపుతోందా? లేకపోతే మొండితనం మాని బయల్దేరు.

నీ మనవడు,
సర్వేశ్వరరావు.

తా.క.: మాంసం పెట్టించు. పప్పుచారు పొయ్యకు.

చింతపల్లి,
డిసెంబరు 1968.

చిరంజీవి సర్వేశ్వరరావుకు,

గోపన్న ఎవరినీ ఆపదు, తోక ఊపుతూ లోపలికి తెస్తుంది. బయటికే పోనివ్వదు. మలేరియా ఇనస్పెక్టరు వచ్చి, ఇల్లు చూసినట్టు గోడ మీద తేదీ వేసి వెళ్లబోతే, కాళ్లకడ్డంగా పడుకుంది. ఆయన అంబలి తాగాకే అది లేచింది. అప్పుడు నాకర్థమైంది. ఇంటికొచ్చినవాళ్లు ఏదో ఒకటి తినకుండా గడప దాటడం నేనొప్పుకోను కదా. అదే నేర్చుకుంది.

ఇట్లు,
రాజులమ్మ.

తా.క.: పప్పుచారు మారు అడుగుతోంది.

విశాఖపట్నం,
జనవరి 1969.

మామ్మకు నమస్కారాలు.

అది కాపలా కాదు, సత్రం. సామాను సర్దుకో.

నీ మనవడు,
సర్వేశ్వరరావు.

తా.క.: నా స్నేహితుడు వరహాలరావు మిరియాల తీగలు చూడాలని వస్తున్నాడు. కుక్కను కట్టెయ్యి.

చింతపల్లి,
జనవరి 1969.

చిరంజీవి సర్వేశ్వరరావుకు,

కుక్కను కట్టలేదు. నీ స్నేహితుడు తీగల వంక చూడలేదు. టేపు పట్టి హద్దురాళ్లు కొలిచాడు. అందుకని నేను పళ్లెం తేలేదు. గోపన్న అతని ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. దీపాలు పెట్టేవేళకు, తోట కొనడానికి నువ్వే పంపావని, నా చేత సంతకం పెట్టిస్తానన్నావని చెప్పేశాడు. అన్నం పెట్టి సాగనంపాను. కాపలా కాదన్నావు. తోట నిలబడింది.

ఇంకా ఏమైనా చెప్పాలంటే నువ్వే రా. గేటు తీసే ఉంటుంది.

ఇట్లు,
రాజులమ్మ.

తా.క.: సెలవు ఎక్కువగా పెట్టుకుని రా. నువ్వొచ్చాక పొయ్యి ఎప్పుడు వెలిగించాలో నేనింకా అనుకోలేదు.