సినిమాలో నువ్వు ఇంటికొచ్చావు

తమ్ముడూ,

శుక్రవారం సాయంత్రం ఐదింటికి, నీ మీద తీసిన యుద్ధం సినిమా చివర్లో, నువ్వు బతికి ఇంటికొచ్చావు.

దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో నీ శవపెట్టె దించుకున్నది నేనే. సైన్యంలో నువ్వు గాయాలకు కట్లు కట్టేవాడివి. సినిమాలో తుపాకీ పట్టించారు. ఈ తప్పులన్నీ పత్రికలో రాయాలనుకున్నాను.

తెర మీద నువ్వు అమ్మ కాళ్ళకు మొక్కావు. మనింట్లో కాళ్ళకు మొక్కరు; ఎవరు ఊరి నుంచి వచ్చినా అమ్మే వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. హాలు చీకట్లో, నా పక్క సీట్లో ఉన్న అమ్మ చెయ్యి తెర వైపు లేచింది.

బయటికొచ్చాక అంది: “తుపాకీ తప్పని రాసుకోప్పా. వాడు ఇంటికొచ్చేది మాత్రం ఉండనీ.”

“అదే కదమ్మా పెద్ద తప్పు?”

“నాకు తెలీదా? పెట్టె మీద పూలు పెట్టింది నేనే. ఇంగోసారి చూడల్ల వాణ్ణి.”

వ్యాసం ఇంకా రాయలేదు. రేపు మ్యాట్నీకి అమ్మకూ నాకూ టికెట్లు తీసుకున్నాను. ఐదింటికి నువ్వు ఇంటికొస్తావు.