వాగు సైరనూ, బయట పెట్టిన స్క్రూ

టేకులపల్లిలో కాపురముంటున్న, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన, యోహాను కుమారుడు బొల్లెపోగు జకర్యా అనే నేను, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా నా చేత్తో నేనే రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. ఆ డాక్టరు మతికి నేను హామీ ఇవ్వలేను. నన్ను పరీక్షిస్తున్నంతసేపూ ఫోను చూస్తూనే ఉన్నాడు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా అన్న కూతురు ఫ్లోరెన్స్‌ది. కొత్తగూడెంలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతుంది, ఆదివారం గుడి అయ్యాక షెడ్డుకు వస్తుంది. ఆమెను నమ్ముతున్నానని దీని అర్థం కాదు. ఉన్నవాళ్ళలో ఆమె అబద్ధం చెబితే ముఖం చూసి పట్టేయవచ్చు. అందుకే ఎంచుకున్నాను.

2. సాక్షులుగా నా బామ్మర్ది కొడుకు డేవిడ్‌నూ, షెడ్డులో నాతోపాటు మొదటి నుంచీ ఉన్న పూనెం పగిడయ్యనూ నియమిస్తున్నాను. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామా కింద చిల్లిగవ్వ కూడా దక్కదని మాకు వర్తించే వారసత్వ చట్టంలో ఉంది. చట్టం నేనే చదివాను, లాయరును అడగలేదు. నియామకానికి కారణం అదే. డేవిడ్ దేన్నీ చదివి సంతకం పెట్టే మనిషి కాదు కాబట్టి ఇబ్బంది ఉండదు.

3. మెయిన్ రోడ్డు పక్కన నా స్థలంలో ఉన్న రేకుల షెడ్డు, అందులోని బల్లలు, పనిముట్లు ఫ్లోరెన్స్‌కు చెందుతాయి. దాన్ని కూలగొట్టి ఫంక్షన్ హాలు కడితే బాగుంటుందని డేవిడ్ నా మంచం పక్కనే కూర్చుని ఎవరికో ఫోనులో చెప్పాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు. కాబట్టి షరతు రాస్తున్నాను: అక్కడ పెళ్ళి భోజనాలు జరగకూడదు. ఎవరైనా వచ్చి పాడైన మిక్సీనో, పాత ఫోనునో, తమకు తోచిన పిచ్చి ఆలోచననో బల్ల మీద పెట్టి విప్పి చూసుకునే చోటుగానే ఉండాలి. సగంలో ఆగిపోయిన పనులన్నీ ఒక అరలో ఉన్నాయి: ఇప్పపువ్వు ఆరబెట్టే పెట్టె, అడవిపందుల్ని బెదిరించాల్సింది పోయి వాటికి దారి చూపించిన లైటు, ఇంకా అలాంటివి. ఆ అర ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసి కొనసాగించవచ్చు, ఎవరూ పారేయకూడదు.

షెడ్డుకు నేను పెట్టిన నియమం ఒకటుంది. అది నా తరువాత కూడా చెల్లాలి. ఒకరు చేసిన వస్తువును వాళ్ళు లేనప్పుడు మరొకరు విప్పి చూడవచ్చు, అది తప్పు కాదు. కానీ తిరిగి బిగించేటప్పుడు ఒక స్క్రూ బిగించకుండా కనబడేలా బయట పెట్టాలి. ‘నేను చూశాను’ అని చెప్పడం అది. చూడడం దొంగతనం కాదు, చూసి చెప్పకపోవడం దొంగతనం.

4. నా పుస్తకాలు ఫ్లోరెన్స్‌కు. చరిత్ర, వృక్షశాస్త్రం, రష్యా నుంచి వచ్చిన పాత భౌతికశాస్త్రం అన్నీ చదివినవే, అలంకారానికి కొన్నవి కావు. డేవిడ్ అరువు తీసుకుపోయి తిరిగి ఇవ్వనివి డేవిడ్ దగ్గరే ఉంచుకోవచ్చు. సాక్షికి ఆస్తి రాదు గనుక వాటిని బహుమానంగా లెక్కించరాదు, నష్టంగా లెక్కించాలి.

5. నా భార్య విశ్రాంతమ్మ కుట్టుమిషన్ వాగు అవతలి తండాలో ఉండే సోమ్లికి. విశ్రాంతమ్మ బతికుండగా దాని మోటారు ఊడదీసి తీగచుట్టలు చుట్టే యంత్రం చేశాను. ఒక పండక్కి జాకెట్టు కుట్టుకోలేకపోయిందని చివరిదాకా గుర్తుచేసింది. ఇప్పుడు మోటారు తిరిగి దానికే బిగించాను. సోమ్లి షెడ్డులో టంకం వేయడం నేర్చుకుంది, తలకు కట్టుకునే హెడ్‌లైట్లు చేసి తండాలో ఇస్తుంది. ఎవరి వస్తువునైనా విప్పితే స్క్రూ బయట పెట్టడం ఎప్పుడూ మరువలేదు. కుట్టడం కూడా ఆమెకు వచ్చు. విశ్రాంతమ్మ ఉంటే ఇదే చేసేది. నా గురించి ఆమె, “ఏందయ్యా, ప్రార్థన గూడ ఒక కన్ను తెరిచే చేస్తవ్” అనేది. నిజమే. ఆ కన్నుతోనే చాలా చూశాను.

6. పూనెం పగిడయ్యకు ఏమీ ఇవ్వడం లేదు. కారణం రాసి ఉంచుతున్నాను, నా తరువాత ఎవరూ నన్ను లోభి అనకుండా.

మా వాగు మీద చప్టా ఉంది. పైన అడవిలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు వచ్చి చప్టా మీద నడిచేవాళ్ళను ఈడ్చుకుపోతాయి. అందుకని ఎగువన స్తంభానికి ఒక పెట్టె కట్టాను. వాగులో తేలే డబ్బా పైకి లేస్తే పెట్టెలో రిలే స్విచ్చి పడుతుంది, చప్టా దగ్గర సైరన్ మోగుతుంది. నేను చేసిన వాటిలో పూర్తయినది అదొక్కటే. తరువాత ఖమ్మంలో ఒక దుకాణంలో అచ్చం అలాంటి సైరన్ అమ్మకానికి కనిపించింది. తేలే డబ్బాకు నేను పొరపాటున వేసి మైనంతో మూసిన రంధ్రం కూడా అందులో ఉంది. అక్కర్లేని రంధ్రాన్ని కూడా వదలకుండా కాపీ కొట్టారు. ఆ పెట్టెను నాతోపాటు ఎక్కి చూసినవాడు పగిడయ్య ఒక్కడే.

అడిగాను. షెడ్డులో అందరి ముందే అడిగాను. “నేను చూస్తే స్క్రూ బయటనే పెడ్త గదా అన్నా. దాచుకొని చూసుడు నాకెందుకు?” అన్నాడు. నిర్దోషి అయినవాడు ఇంకాస్త కోపపడాలి. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

ఆ తరువాత స్తంభం మీది పెట్టె స్క్రూల తలలు ఆకురాయితో నున్నగా అరగదీశాను. ఏ స్క్రూడ్రైవరూ పట్టకూడదని. నియమం పెట్టింది నేను, మినహాయింపూ నాదే.

ఇటీవల ఫ్లోరెన్స్, “చిన్నాయనా, ఆ సైరన్ బొమ్మ గీసి నెట్ల పెట్టింది నేనే. షెడ్డుల చేసింది అందరిదని నువ్వే అంటివి” అన్నది. డబ్బా ఇంకా షెడ్డులో ఉండగానే, రంధ్రం కూడా చూసింది చూసినట్టు గీసిందట. ముఖం చూశాను. అబద్ధంలా లేదు. కానీ పగిడయ్యను కాపాడడానికి కూడా ఆడపిల్ల ముఖం నిబ్బరంగా పెట్టగలదు. ఈ అంశం మార్చడం లేదు.

(ఇక్కడ ఆపి, కొన్నాళ్ళ తరువాత రాస్తున్నాను. సిరా రంగు మారింది. చేతిరాత నాదే.)

7. ఆస్తుల్లో రాయడం కోసం సైరన్ పెట్టెను స్తంభం మీద నుంచి దింపించి ఇంటికి తెప్పించాను. పోయిన వానాకాలం నేను ఖమ్మం దవాఖానాలో పడి ఉన్నప్పుడు వాగు వచ్చింది, సైరన్ మోగింది. సోమ్లి మేకలతో చప్టా ఎక్కబోతూ ఆగింది. “కూత ఇనపడ్డది, ఆగిన. లేకుంటే నన్ను, మేకల్ని గోదాట్లె ఎతుక్కుందురు” అని నా మంచం దగ్గరికి వచ్చి చెప్పింది. నా పనితనం అనుకున్నాను. ఆ మాట నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పెట్టెను బల్ల మీద పెట్టి చూశాను. నున్నగా అరగదీసిన స్క్రూ తలల మీద హ్యాక్సా బ్లేడుతో కొత్త గాట్లు కోసి ఉన్నాయి, ఒక్కొక్కటీ నిటారుగా. మూత తీస్తే రిలే పక్కన చీమలు పెట్టిన మట్టి మరక ఉంది. మట్టి తీసేసి తుడిచారు. తుప్పు పట్టిన రెండు తీగల చివర్లు కత్తిరించి కొత్త టంకం వేశారు. ఆ టంకం నాది కాదు. నేను లావుగా వేస్తాను. సన్నగా, చివర కొంచెం పక్కకు లాగి వదిలే చేయి షెడ్డులో ఒక్కటే ఉంది, పగిడయ్యది.

చీమలు ఉన్నంతకాలం ఆ సైరన్ మోగే అవకాశమే లేదు. ఇది సాంకేతిక అభిప్రాయం, ఎవరినీ పొగడడం కాదు.

మూతకు ఒక మూల స్క్రూ లేదు. అది పెట్టె కొక్కేనికి రాగితీగతో కట్టి ఉంది, గాలికీ వానకూ పోకుండా, పైకెక్కినవాడికి కనబడేలా. నేను పైకెక్కలేదు. మోకాళ్ళు సహకరించక ఏడాదిగా ఎక్కలేదు.

ఆలోచించాను. దొంగైతే స్క్రూ బయట పెట్టడు. తెలివైన దొంగ పెట్టవచ్చు, నన్ను ఇలా ఆలోచింపజేయడానికే. కానీ తెలివైన దొంగ నా సైరన్‌ను చావనిచ్చి, ఆ దుకాణం సరుకు తెచ్చి కట్టించేవాడు. ఇతను దాన్ని బతికించి, నా పేరు మీదే మోగనిచ్చి, నాకు చెప్పకుండా ఊరుకున్నాడు. ఇందులో అతనికి ఏం లాభమో ఎంత వెతికినా దొరకలేదు. వెతకడం మానలేదు.

8. పై కారణాల వల్ల ఆరో అంశం మొదటి వాక్యం రద్దు. మిగతాది ఉంచుతున్నాను, నేను అలా అనుకున్నమాట వాస్తవమే గనుక. వాగు సైరన్, దాని స్తంభం, దాన్ని చూసుకునే బాధ్యత, షెడ్డు రెండో తాళంచెవి పూనెం పగిడయ్యకు ఇస్తున్నాను. ఫ్లోరెన్స్ అతన్ని కనిపెట్టి ఉండాలి. అతను ఫ్లోరెన్స్‌ను కనిపెట్టి ఉండాలి.

ఈ ఒక్కటి నా చావుదాకా ఆగే వీలు లేదు. ఎగువన మబ్బు పడుతోంది, పెట్టె నా బల్ల మీద ఉంది. అందుకని ఫ్లోరెన్స్ చేతికిచ్చి ఈ రోజే అతనింటికి పంపుతున్నాను. బిగించడానికి ముందు నేను కూడా లోపల చూశాను. కాబట్టి ఆ మూల స్క్రూ బిగించలేదు. రాగితీగతో కొక్కేనికే కట్టి పంపుతున్నాను.

9. రెండో అంశంలో పగిడయ్యను సాక్షిగా రాశాను. సాక్షికి ఏమీ రాదని అక్కడే చెప్పాను. కాబట్టి అతని పేరు కొట్టేస్తున్నాను.

టేకులపల్లి, 2025 జూన్ 14.

(సంతకం) బొల్లెపోగు జకర్యా

సాక్షులు:
డేవిడ్ (చదవకుండా సంతకం పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను.)
పూనెం పగిడయ్య: ఈ పేరు నా చేత్తోనే కొట్టివేశాను. జ.
ఆ స్థానంలో: బొజ్జయ్య, పక్కింటి రైతు. ఇతనికి నేను ఏమీ ఇవ్వలేదు, ఇతనూ అడగలేదు. ఎందుకు అడగలేదో తెలియదు.